కాంటా మీద మేనకోడలు

నిజామాబాద్,
దసరా వెళ్ళిన వారం.

ముత్తన్న మామకు,

నీ మేనకోడలు నవత దండం పెట్టి రాస్తున్నది. లింగవ్వ అత్తకు కూడా దండం. ఈ ఉత్తరం భూమేష్ పాల వ్యానులో తెస్తాడు. జవాబు కూడా వాడి చేతికే ఇవ్వు.

ఫోన్ చెయ్యకుండా ఈ ఉత్తరమేంటి అంటావేమో. పోయినసారి ఫోన్లో నేను "మామా, ఒంట్లో ఎట్లుంది?" అని అడిగితే నువ్వు "వరి ఇంకా కోతకు రాలె" అన్నావు. నేను అరిచిన అరుపు మా గల్లీ అంతా విన్నది, నువ్వొక్కడివే వినలేదు. అదీగాక మా రెండు గదుల ఇంట్లో నేను గుసగుసలాడినా బీడీలు చుట్టే మా అవ్వ చెయ్యి ఆగిపోతుంది. అన్నాచెల్లెళ్ళకు రావలసిన చెవులన్నీ నీ చెల్లెలికే వచ్చినట్టున్నాయి.

సంగతేంటంటే, నాకు నౌకరీ వచ్చేటట్టుంది! మీ వర్ని దారిలో ఉన్న చక్కెర మిల్లులో, కాంటా మీద. చెరుకు ట్రాక్టర్లు లోపలికి వచ్చేటప్పుడు తూకం చూసి చీటీ ఇచ్చే పని. పర్మనెంట్ మామా, పర్మనెంట్! ఇక్కడ ఖలీల్‌వాడి రక్తపరీక్షల ల్యాబులో "రేపటి నుంచి రావద్దు" అనడానికి మా సారుకు తుమ్మినంత సేపు పట్టదు. నాతో పనిచేసిన అంకితను అట్లనే పంపించాడు. పాపం, సెలవడిగింది. ఎవరి పెళ్ళికో కాదు, తన పెళ్ళికే!

ఇంటర్వ్యూ బాగానే జరిగింది. మేనేజర్ నాగేందర్ గారు చివర్లో, "యూనియన్ గురించి నీ అభిప్రాయం ఏమిటమ్మా?" అని అడిగారు. నాకు తెలిసింది చెప్పాను. "మా అవ్వ బీడీ యూనియన్ మెంబరు సార్. నేను కూరకు వంక పెడితే ఆ పూట వంట బంద్ పెడుతుంది" అన్నాను. అక్కడున్న వాళ్ళంతా నవ్వారు. తర్వాత ఒకరి ముఖం ఒకరు చూసుకొని నవ్వు ఆపేశారు. ఆ ఆపడమే నాకు నచ్చలేదు.

ఆ మిల్లులో యూనియన్ గట్టిదట. కాంటా మీద ఉన్నవాళ్ళంతా అందులోనే ఉన్నారట. రేపు నేను వెళితే నన్నూ చేరమంటారు. చేరకపోతేనే మంచిదని మేనేజరేమో చెప్పకుండానే చెప్పారు. పని మొదలుపెట్టకముందే ఇద్దరి మధ్య ఇరుక్కోవడం నాకు భయంగా ఉంది. నీకు చెరుకు తెలుసు, మిల్లు తెలుసు. చేరమంటావా, వద్దంటావా? అవ్వకు ఇంకా చెప్పలేదు. బాపుకు చెబితే "మీ ఇష్టం" అన్నాడు. బాపు సంగతి తెలిసిందేగా, ఇల్లు అంటుకున్నా "మీ ఇష్టం" అంటాడు.

జవాబు కోసం చూస్తుంటాను.

నీ కోడలు,
నవత


వర్ని,
ఐతారం.

బిడ్డా నవతా,

మామ ముత్తన్న దీవెనలు. నేను మాట్లాడినట్టే రాస్త. నీ లెక్క పుస్తకం తెలుగు నాకు రాదు. నువ్వు తప్పులు దిద్దుకుంట సదవకు.

కాంట మీద నౌకరా! ఎంత మంచి మాట జెప్పినవ్ బిడ్డా! నేను గిప్పుడే ఇంటున్న. మీ అత్త అయితే జొన్నపిండి చేతులతోనే వాడకట్టంత తిరిగి అందరికి చెప్పొచ్చింది. ఎన్కముందు సూడకు, చేరు. ఆ ల్యాబోనికి ఒక దండం పెట్టి రా.

గని ఒక్క మాట. యూనియన్ల మాత్రం చేరకు. చేరితే నా గడప తొక్కకు.

నువ్వు చిన్నగున్నప్పుడు గా మిల్లుల సమ్మె అయింది. మిల్లోళ్లు ఏ దినం కొయ్యమంటే ఆ దినమే మేము చెరుకు కొయ్యాలె, మా ఇష్టం కాదు. నేను కోసి తీస్కపోయి గేటు ముందర పెట్టిన్నో లేదో, పని బందు పెట్టిండ్రు. కోసిన చెరుకు ఎండల నిలవడితే ఏమైతది? రసం గుంజుకపోతది, బరువు పోతది, మా బతుకు పోతది. నాకు గంత కోపమొచ్చింది, బండి ఆడనే ఇడిసి ఇంటికొచ్చి ముసుగు తన్ని పండుకున్న. సమ్మె పెట్టిచ్చింది ఎవడు? చంద్రయ్య. నాతోని ఒక్క బల్ల మీద సదువుకున్నోడు. నా పెండ్లిల బారాతు ముందర అంగి చింపుకొని ఆడినోడు. ఆడే యూనియన్ లీడరు.

అప్పటిసంది ఆనితోని మాటల్లేవ్. పెండ్లిళ్ల ఆడు తినెతందుకు ఒక బంతిల కూసుంటే నేను లేసి ఇంకో బంతిల కూసుంట. మొన్న మా ఊళ్లె నరేష్ బిడ్డ పెండ్లిల ఒక్కటే బంతి ఏసిండ్రు. తినకుంటనే ఇంటికొచ్చిన. మీ అత్త ఆ దినం ఇంట్ల వండలె. ఉపాసం పండుకున్న గని జిద్దు ఇడ్సలె.

కాంట మీద మనోళ్లు ఉండాలె బిడ్డా. తూకం కాడ నిలవడ్డప్పుడు రైతు గుండె ఎట్ల దడదడ అంటదో నీకు తెల్వదు. నువ్వుంటే నేను నిమ్మలంగ చాయ్ తాగుకుంట బండి ఎక్కిస్త.

మీ అవ్వకు నేను చెప్పినట్టు చెప్పకు.

నీ మామ,
ముత్తన్న


నిజామాబాద్,
కార్తీకం మొదలు.

గౌరవనీయులైన ముత్తన్న మామకు,

పైన "గౌరవనీయులైన" అని ఎందుకు రాశానో కింద తెలుస్తుంది. కంగారు పడకు, ఓపికగా చదువు.

నిన్న మిల్లు చూసి వచ్చాను. కాంటా గది చిన్నది, ముందు పెద్ద అద్దం. బయట నేలలో ఇనుప పలక ఉంటుంది. ట్రాక్టరు దాని మీదకు ఎక్కితే లోపల ఎర్ర అంకెలు వెలుగుతాయి. నేను పోయేసరికి అక్కడ తెల్ల తలకాయ పెద్దమనిషి ఒకాయన కూర్చొని ఉన్నాడు. నన్ను చూడగానే, "ముత్తన్న మేనకోడలివా?" అన్నాడు. "మీకెట్ల తెలుసు?" అన్నాను. "నవ్వితే అచ్చం ఆని లెక్కనే ఉన్నవ్. ఆడు నవ్వంగ సూసి ఎన్నేండ్లాయెనో" అన్నాడు.

అవును, ఆయనే చంద్రయ్య. పళ్ళు నూరకు. నాకు చాయ్ తెప్పించాడు. యూనియన్‌లో చేరాలా అని నేనే అడిగాను. "నీ ఇష్టం బిడ్డా, బలిమి లేదు. చేరకున్నా పని నేర్పిస్తం. గని ఒక్కటి యాదుంచుకో. కాంట మీద కూసున్నోళ్లకు చుట్టాలుండరు. బండి ఎవలిదన్న గాని, ముఖం సూడొద్దు, అంకె సూడాలె" అన్నాడు. నాకు ఆ మాట నచ్చింది. నీ దుష్మన్ అయితే అయ్యాడు గానీ, మనిషి బాగానే ఉన్నాడు మామా.

ఇక నీ సంగతికి వస్తాను. అక్కడి నుంచి మేనేజర్ గారి గదికి వెళ్ళాను. ఆయన కుర్చీలో వెనక్కి వాలి, "మీ మామగారు స్వయంగా వచ్చి చెప్పబట్టే నీ దరఖాస్తు పైకి తీశామమ్మా. రైతుల్లో ఆయన మాటకు చాలా విలువుంది" అన్నారు.

నేను ఇంటర్వ్యూకు పోకముందే చెప్పి వచ్చావట! మరి "నేను గిప్పుడే ఇంటున్న" అని రాసిందెవరు? నేను నా తెలివి చూసి పిలిచారనుకొని బస్సులో వస్తూ కిటికీ అద్దంలో నన్ను నేను చూసుకొని మురిసిపోయాను. అత్త జొన్నపిండి చేతులతో తిరగడం కూడా కథేనా?

ఇంకో సంగతి. ఎప్పుడు చేరాలి అంటే తారీఖు చెప్పడం లేదు. "పిలవగానే రావాలి" అంటున్నారు. ఎందుకో నాకు తేడాగా ఉంది.

అవ్వకు చెప్పేశాను. "యూనియన్ ఉన్న కాడ నౌకరి దొరికితే కండ్లకు అద్దుకొని పోవాలె" అంది. ఒకప్పుడు సేటు మనిషి అవ్వ చుట్టిన బీడీలు సగానికి సగం బాగలేవని పారేస్తుంటే, యూనియన్ వాళ్ళు పోయి అడిగాకే ఆగిందట. "మీ మామకు చెరుకు దెల్సు, మనుషులు దెల్వరు" అని కూడా అంది. ఇది నా మాట కాదు, నీ చెల్లెలి మాట.

నీ మీద కోపంతో,
నవత


వర్ని,
మల్ల ఐతారం.

బిడ్డా,

అవును, చెప్పిన. అయితే ఏంది? మేనమామ చెప్పకుంటే ఇంకెవలు చెప్తరు, పక్కూరోడు చెప్తడా? నీకు ముందుగాల జెప్తే "సిఫారసు నౌకరి నాకొద్దు" అని మూతి ముడుస్తవని చెప్పలె. నువ్వు గట్లనే ఉన్నవ్, చిన్నప్పుడు నేను బుక్కెడు కలిపి పెడితే "నేనే తింట" అని కంచం గుంజుకునేదానివి.

మీ అత్త పిండి చేతులతోని తిరిగింది నిజమే. నువ్వు ఇంటర్వ్యూకు పోకముందే తిరిగింది.

చంద్రయ్య చాయ్ తాగినవా? తాగు. చాయ్ తాగినంత మాత్రాన ఏం గాదు. గని ఆని మాటలు తియ్యగుంటయ్. చక్కెర మిల్లుల పనిచేసేటోని మాట తియ్యగుండకుంటే ఎట్లుంటది! జెర పైలం. యూనియన్ల చేరినవంటే మీ అత్త చేసే సర్వపిండి నీకు లేదు. నీ ముందర కూసొని నేనొక్కన్నే తింట.

మీ అవ్వ మాట పట్టుకోకు. చిన్నప్పుడు జాతరల మా బాపు ఇద్దరికి ఒక్క మిఠాయి పొట్లం కొనిస్తే, "సమానం గావాలె" అని దుకానం ముందర మన్నుల కూసున్నది. బాపు మిఠాయి దుకానపోని తరాజు అడిగి తూకమేసి పంచిండు. ఆమె అప్పటిసందే యూనియన్.

నా చెరుకు కోతకొచ్చింది. మిల్లోళ్లు ఇయ్యాల్నో రేపో కొయ్యమంటరు. నువ్వు కాంట మీద కూసున్న దినం నా బండే మొదలు ఎక్కాలె. గదే నా కోరిక.

నీ మామ,
ముత్తన్న


నిజామాబాద్,
బుధవారం పొద్దున.

మామా,

కుశల ప్రశ్నలకు టైం లేదు. ఈ ఉత్తరం మిల్లు గేటు దగ్గరికే పంపుతున్నాను, నువ్వు అక్కడే ఉన్నావని తెలిసింది.

నాగేందర్ గారు ఫోన్ చేశారు. "రేపు పొద్దున్నే రా, ఆర్డరు చేతిలో పెడతాను" అన్నారు. ఒక్క నిమిషం ఎగిరి గంతేశాను. తర్వాత "ఇంత తొందరేంటి సార్?" అని అడిగాను. సమ్మె మొదలైందట. సీజను అయిపోగానే ఇంటికి పంపించి, మళ్ళీ ఏడాది కొత్తవాళ్ళ లెక్కన పిలిచే మనుషులున్నారు కదా, అట్లనే వాళ్ళ తల వెంట్రుకలు నెరిసిపోయాయట. వాళ్ళను పర్మనెంట్ చెయ్యాలని యూనియన్ పని ఆపింది. మిల్లు నడపడానికి బయటి నుంచి మనుషులను తెచ్చారు. కానీ కాంటా మీద బయటివాళ్ళు కూర్చుంటే రైతులు బండి ఎక్కించేది లేదంటున్నారట. "ముత్తన్నగారి మేనకోడలు కూర్చుంటే ఎవరూ నోరెత్తరు" అన్నారు మేనేజరు.

అప్పుడర్థమైంది మామా. నా డిగ్రీ చూసి కాదు, నీ సిఫారసు చూసి కూడా కాదు. ఈ రోజు కోసమే నన్ను పక్కన పెట్టుకున్నారు.

ఆయనే మళ్ళీ, "మీ మామగారి ట్రాక్టరు కూడా గేటు ముందే ఎండలో ఉందమ్మా. నువ్వొస్తే మొదటి తూకం ఆయనదే. రాకపోతే ఈ ఉద్యోగం మర్చిపో" అన్నారు.

అవ్వకు చెప్పాను. ఒళ్ళోని బీడీల చాట కింద పెట్టింది. తిడుతుందనుకున్నాను, తిట్టలేదు. "పోతే పో. నేనాపను. గని గేటు కాడ కూసున్నోళ్ల ముఖాలు సూస్కుంట లోపలికి పో, తల దించుకొని పోకు" అంది. తిట్టినా బాగుండేది.

నేను వాళ్ళ ముఖాలు చూడలేను మామా. యూనియన్‌లో చేరకున్నా పని నేర్పిస్తామని చంద్రయ్యగారు అన్నారు. ఆయన కుర్చీలోనే పోయి కూర్చోవాలి. కానీ పోకపోతే నీ చెరుకు ఎండిపోతుంది. ఏడాది కష్టం కళ్ళ ముందు ఎండిపోతుంటే నువ్వెట్ల ఉంటావో నాకు తెలుసు. నీ చెరుకు ఎండబెట్టి నేను ఇంట్లో అన్నం తినలేను. నాకు ఏడుపొస్తున్నది.

నువ్వు రమ్మంటే వస్తాను. నిజంగా వస్తాను. మళ్ళీ ఒక్క మాట కూడా అనను. భూమేష్ అక్కడే ఆగుతాడు, జవాబు రాసివ్వు.

నవత


మిల్లు గేటు కాడ.

బిడ్డా,

రాకు.

మామ


వర్ని,
ఐతారం.

బిడ్డా నవతా,

గా దినం సంగతి ఇప్పుడు రాస్త. ఆలిశమైంది, కోపం జేసుకోకు.

గేటు ముందర బండి పెట్టుకొని కూసున్న. నోరంత చేదు. చంద్రయ్య మనుషులు పక్కకు టెంటు ఏస్కొని కూసున్నరు. మనసుల ఎన్ని తిట్లు తిట్టిన్నో రాస్తే ఈ కాగితం భూమేష్ కూడ ముట్టడు. ఎండ ఎక్కింది. సూస్తుంటే, గా సమ్మె చేసేటోళ్లే బిందెలు, బకెట్లు పట్టుకొని లేసిండ్రు. ఒకడు బోరు కాడికెళ్లి పైపు గుంజుకొచ్చిండు. బండ్ల మీదికెక్కి చెరుకాకు కప్పి, పైనంగ నీళ్లు కొట్టవట్టిరి. నేను పరేషాన్.

పక్క బండి కొమురయ్యది. "ఏందిరా గిది?" అన్న.

"సమ్మెల ఎప్పుడైనా గంతే గదనే. చెరుకు ఎండద్దని పొద్దున, మాపు నీళ్లు కొడతరు" అన్నడు.

"ఎప్పుడైనా అంటే ఎప్పుడు?"

"పోయిన సమ్మెల గూడ కొట్టిండ్రు. నీ బండికైతే చంద్రయ్యనే కొట్టిండు. నువ్వు లేకపోతివి గద, బండి ఇడిసి పోతివి."

బిడ్డా, నేను ఇంట్ల ముసుగు తన్ని పండుకున్నప్పుడు ఆడు నా చెరుకుకు నీళ్లు కొట్టిండు. నేను ఎవల్నీ అడగలె. నా కోపం సూసి ఎవలూ చెప్పలె. ఇన్నేండ్లు ఉట్టిగనే బంతులు మార్చుకుంట తిరిగిన. నరేష్ బిడ్డ పెండ్లిల బగారన్నం మస్తుగుండెనట.

చంద్రయ్య నా బండి కాడికొచ్చిండు. నేను ముఖం అటు తిప్పుకున్న. ఆడు మోకాలు పట్టుకొని మెల్లగ ట్రాలీ ఎక్కిండు, ఆకు సదిరిండు, నీళ్లు కొట్టిండు, దిగి పక్క బండికి పోయిండు. ఎన్కకెళ్లి సూస్తే ఆని నెత్తి అంత తెల్లగైంది. నువ్వు రాసినవ్ గని, నేను ఎన్నడు సక్కగ సూడనే లేదు.

ఆ యాళ్లకే నాగేందర్ సారు వచ్చి అందరి ముందర, "ముత్తన్నగారూ, మీ కోడలు వస్తోంది. మీ బండే మొదట" అన్నడు. కొమురయ్య నా దిక్కు సూసిండు. బండ్లోళ్లందరు సూసిండ్రు. గప్పుడే భూమేష్ నీ ఉత్తరం తెచ్చిండు.

"నువ్వు రమ్మంటే వస్తాను" అని రాసినవ్. గా మాట రెండుసార్లు సదివిన. కాంట మీద నిన్ను కూసోబెట్టాలన్నది నా ఆలోచననే. నీ పేరు జెప్పింది నేనే. నువ్వొస్తే నా బండి లోపలికి పోతది, నిజమే. రేపటిసంది ఆ టెంటుల కూసున్నోళ్లు నా బిడ్డను సూసి ఏమంటరు? నా చెరుకు పోతే మళ్లేడు పండుతది. నీ పేరు పోతే నేను యాడికెళ్లి తెస్త? కొమురయ్య జేబులకెళ్లి పెన్ను గుంజుకొని రాసిన.

సారుతోని, "మా కోడలు రాదు. వచ్చినా నా బండి ఎక్కియ్య" అన్న. అనుకొని అనలె, నోట్లకెళ్లి వచ్చింది. అనంగనే కొమురయ్య "నేను గూడ ఎక్కియ్య" అన్నడు. ఎన్కకెళ్లి అందరు గదే మాట. ఇగ మేమందరం కలిసి ఆఫీసు ముందరికి పోయి కూసున్నం. "మీరు మీరు మాట్లాడుకోండ్రి, అప్పటిదాంక ఒక్క చెరుకు గడ లోపలికి రాదు" అన్నం. చెరుకే రాకుంటే మిల్లేం జేస్తది? మల్లొక దినం గుంజిండ్రు, ఆఖరుకు ఒప్పుకున్నరు. ఎన్నో ఏండ్లసంది చేస్తున్నోళ్లను ఈ సీజనుకెళ్లి వరుసగ పర్మనెంట్ చేస్తరట.

నా చెరుకు కొంత బరువు తగ్గింది. తగ్గనియ్యి. నీళ్లు కొట్టకుంటే ఇంకింత పోయేది. నా బాధ అంత నీ నౌకరి గురించే. నేనే ఇప్పిచ్చిన, నేనే పోగొట్టిన. ఏం జెయ్యాల్నో తోస్తలేదు బిడ్డా.

చంద్రయ్యతోని మాట్లాడినవా అని అడుగుతవ్. లేదు. ఇన్నేండ్లు ఊకున్నంక మొదలు ఏం మాట్లాడాలె? నువ్వే చెప్పు.

నీ మామ,
ముత్తన్న


నిజామాబాద్,
పుష్యమాసం, చలి గజగజ.

మామా,

ముందు నీ ప్రశ్నకు జవాబు. "చాయ్ తాగుదామా" అను. అంతకన్నా ఏం అక్కర్లేదు.

నీ "రాకు" చదివి నేను ఏడ్చాను. మనసులో బరువు దిగి ఏడ్చాను, అంతే. మేనేజరుకు ఫోన్ చేసి రానని చెబితే, "నీ ఖర్మ" అని పెట్టేశాడు. అవ్వకు నీ చీటీ చూపించాను. చదివి, చాట ఒళ్ళోకి తీసుకొని మళ్ళీ బీడీలు చుట్టడం మొదలుపెట్టింది. కాసేపయ్యాక, "మా అన్న మంచోడే" అంది. నేను పుట్టి బుద్ధెరిగాక ఈ మాట వినడం ఇదే మొదటిసారి. కావాలంటే ఈ కాగితం దాచుకో, మళ్ళీ దొరకదు.

నౌకరీ పోయిందని నేను మళ్ళీ ల్యాబులో రక్తం సీసాల మీద పేర్లు రాసుకుంటూ కూర్చున్నాను. ఒకరోజు మిల్లు నుంచి ఫోన్. ఆర్డరు తయారుగా ఉంది, వచ్చి చేరమన్నారు! ఎట్లా అంటే, ఒప్పందం మాట్లాడుకునేటప్పుడు, "కాంట మీదికి తీసుకున్న పిల్లను సమ్మెల రాలేదని తీసేస్తే ఒప్పుకోం" అని చంద్రయ్యగారు పట్టుబట్టారట. నేను మెంబరును కూడా కాదు మామా! ఆయన నా గురించి ఎందుకు అడగాలి? అదే మాట ఆయనను అడిగితే, "నువ్వు రాకుంట నౌకరి పోగొట్టుకున్నవ్. మేము అడగకుంటే ఇంకెవలు అడుగుతరు?" అన్నారు.

ల్యాబు సారుకు నీ మాట ప్రకారం ఒక దండం పెట్టి వచ్చాను. ఆయన అప్పుడే తుమ్మాడు. నేను పడీ పడీ నవ్వాను, పాపం ఆయనకు ఎందుకో తెలియదు.

చేరిపోయాను. మొదటి రోజు నా చేతులు ఎంత చల్లబడ్డాయంటే, చీటీ ఇస్తుంటే ఒక ముసలాయన "పానం బాగలేదా బిడ్డా?" అని అడిగాడు. ఇప్పుడు అలవాటైంది. మిల్లు దగ్గర బస్సు దిగగానే చెరుకు పాకం వాసన వస్తుంది. ఇంటికొచ్చాక నా చున్నీ వాసన చూసి అవ్వ, "తంబాకు వాసన కంటే నయమే" అంటుంది.

ఇప్పుడు ఒక్క మాట. నీ చెరుకు ఇంకా కొంత మిగిలి ఉంది కదా. నువ్వు బండి తెచ్చినప్పుడు లైన్లోనే రావాలి. నేను పలకరించను, నవ్వను, మామా అనను. చంద్రయ్యగారు చెప్పింది నీకు రాశాను కదా, కాంటా మీద నాకు చుట్టాలు లేరు. నీ బండి మొదట ఎక్కాలన్న కోరిక మాత్రం మర్చిపో. కోపం తెచ్చుకోవద్దు.

ఇంకా విశేషాలేమైనా ఉంటే తీరిగ్గా చెబుతాను.

నీ కోడలు,
నవత


వర్ని,
చెరుకు అయిపోయిన మర్నాడు.

బిడ్డా నవతా,

నిన్న నీ కాంట ఎక్కిన. లైన్లనే వచ్చిన. నా ముందర మస్తు బండ్లుండె, ఊకనే నిలవడ్డ. అద్దంలకెళ్లి నువ్వు కనవడ్డవ్. నవ్వు ఆపుకుంట ఆగమైన. నువ్వు మాత్రం తల ఎత్తలె. ఎర్ర అంకె దిక్కే సూసినవ్, నా ముఖం దిక్కు సూడలె.

"గీ కాంట తక్కువ సూపెడుతున్నది!" అని నేను లొల్లి వెట్టిన గద. కావాలనే వెట్టిన. నువ్వు నా కోడలువని అందరికెర్కె. మామకు ఎక్కువేసిందని రేపు ఎవడన్న నోరు జారొద్దు గద. నువ్వేమో, "పెద్దమనిషీ, నమ్మకం లేకుంటే బండి దించి మల్ల ఎక్కియ్. లేకుంటే జరుగు, ఎన్క బండ్లున్నయ్" అన్నవ్. పెద్దమనిషి! నన్ను! కొమురయ్య ట్రాక్టరు మీద కూసొని ఒకటే నవ్వుడు. నాకు గంత సంబురం ఎన్నడు కాలె బిడ్డా. నా బిడ్డ నన్ను జరుగుమన్నదని ఇంటికొచ్చి మీ అత్తకు చెప్పిన. ఆమె మల్ల వాడకట్టు మీద పడ్డది. ఈసారి చేతులు కడుక్కొనే పోయింది.

కాంట దిగినంక చంద్రయ్య ఎదురొచ్చిండు. ఇద్దరం నిలవడ్డం. నువ్వు చెప్పినట్టే "చాయ్ తాగుదామా" అన్న. ఆడు నా దిక్కు సూసి సూసి, "చక్కెర లేకుంట చెప్పు, నాకు షుగరొచ్చింది" అన్నడు. చక్కెర మిల్లుల ఇన్నేండ్లు చేసి ఆనికి షుగరట! నేను నవ్విన, ఆడు నవ్విండు. నవ్వుకుంటనే ఇద్దరికి కండ్లల్ల నీళ్లొచ్చినయ్. చాయ్ దుకానపోడు పరేషానైండు.

చాయ్ తాగుకుంట ఆడు నోరు జారిండు. నువ్వు చేరిన మొదటి దినమే యూనియన్ల పేరు రాయిచ్చుకున్నవట గద! "ఆమె మామకు చెప్పలేదా?" అని నాలిక కరుచుకున్నడు. "విశేషాలుంటే తీరిగ్గా చెబుతాను" అని నాకు రాస్తవా? తీరిక దొరకలేదా బిడ్డా?

సరే. నేను దాచింది ఒకటి, నువ్వు దాచింది ఒకటి. చెల్లు.

నా గడప తొక్కకు అన్న మాట వాపసు తీస్కుంటున్న. వచ్చే ఐతారం మీ అవ్వను, బాపును తోల్కొని రా. మీ బాపును అడగకు, "మీ ఇష్టం" అంటడు, బస్సెక్కియ్యి. మీ అత్త సర్వపిండి చేస్తది. చంద్రయ్యను గూడ రమ్మన్న.

ఒక్కటే బంతి.

నీ మామ,
ముత్తన్న